పేరూ ఆమెదే, ప్రయాణమూ ఆమెదే!

ఇంగ్లండులో సొంత చిన్న విమానాలున్నవాళ్ళు శనాదివారాలు సరదాగా సముద్రం దాటి ఫ్రాన్సు వెళ్ళొస్తుంటారు. పటం, వాతావరణం, పెట్రోలు, పాస్‌పోర్టు అన్నీ ముందే సరిచూసుకుంటారు. మరి విమానం స్వయంగా నడిపి ఆ సముద్రం దాటిన మొదటి స్త్రీ ఏం సిద్ధం చేసుకుందో తెలుసా?

అమెరికన్ పత్రికా రచయిత్రి హారియట్ క్వింబీ 1912 ఏప్రిల్ 16న డోవర్‌లో బయల్దేరింది. దిక్సూచి వాడకం అప్పుడే నేర్చుకుంది. చలికి ఒకదానిమీదొకటి బట్టలు, నడుముకి వేడినీళ్ళ సంచీ! ఆమె దుస్తులు తొడుక్కుని తను నడుపుతాననీ, పేరు ఆమెకే వస్తుందనీ హామెల్ అనే పైలట్ అన్నాడు. ససేమిరా అంది. పొగమంచులో దిక్సూచినే నమ్ముకుని, కాలే అనుకున్నది హార్డెలో తీరాన దిగింది.

ముందురోజే టైటానిక్ మునిగింది. పేపర్లనిండా ఆ ఘోరమే. ఈమె వార్త ఏ మూలకో పోయింది, పాపం! పోతేనేం? అరువు తెచ్చుకున్న పేరు కాదుగా!