రాతి మీద శాసనం, కంప్యూటర్‌లో తీర్మానం

మన సామర్లకోట భీమేశ్వరాలయంలో శాసనాలు చూశారా? వందల ఏళ్ల కిందట ఇచ్చిన దానాలు నలుగురికీ కనపడేలా రాతి మీద చెక్కించారు. ఆ లిపి వచ్చినవాళ్లు ఇప్పటికీ చదువుతారు.

మరి కంప్యూటర్‌లో కొట్టిన తెలుగు? పాత డీటీపీ ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌ల మీదే తెలుగు ముక్కలు పెట్టాయి. ఆ ఫాంట్ లేకపోతే స్క్రీన్ నిండా అర్థంకాని అక్షరాలే. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచే ఉంది. ఈ-గవర్నెన్స్‌కి కేంద్రం దాన్ని ప్రమాణంగా ప్రకటించింది మాత్రం 2009లో.

2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్, అడక్కుండానే వివరాలు బయటపెట్టమంది. 2012 కేంద్ర డేటా విధానం, కంప్యూటర్ చదవగలిగే రూపంలో ఇమ్మంది. తీర్మానాన్ని ఫొటోలా స్కాన్ చేసి పెడితే అందులో మీ వీధి పేరు వెతికినా దొరకదు. మన వీధి కాలవకి ఎంత ఖర్చు రాశారో వెతగ్గానే దొరకాలండి. అప్పుడే అది అందరి లెక్క!