బొటనవేలు పెట్టినోళ్ల ముచ్చట

రండి పిలకాయలారా, కుంపటి దగ్గరికి జరగండి. బసవనగుడి పరిషలో కొన్న శెనక్కాయలు ఇంకా మిగిలినాయి, కాల్చుకుంటా వినండి. పొద్దున మీలో ఒకడు తమ్ముణ్ణి ‘హెబ్బెట్టు’ అన్నాడు. సంతకం రాక బొటనవేలు పెట్టేవాళ్లని ఈ బెంగళూరులో అట్లా ఎగతాళి చేస్తారు. మన ఇంట్లో మాత్రం అది తిట్టుగా రాకూడదు. మా తాత బొటనవేలు పెట్టినోడే. ఆయన రెక్కల కష్టంతోనే మనం ఈ ఊళ్లో నిలదొక్కుకున్నాం.

తాతది మదనపల్లె పక్క పల్లె. వానల్లేక, సేద్యం గిట్టక, పెళ్లాంబిడ్డలతో ఈ ఊరొచ్చి రాళ్లు కొట్టే పనిలో చేరినాడు. ఇప్పుడు హైకోర్టు ఉండే ఎర్ర కట్టడం చూసినారు కదా, అఠారా కచేరి, అది 1868లో పూర్తయింది. దాన్ని కట్టించిన కాంట్రాక్టరు ఆర్కాటు నారాయణస్వామి మొదలియారు. 1873లో కంటోన్మెంటు పేదపిల్లల కోసం ఉచితంగా బడి పెట్టిన పుణ్యాత్ముడు కూడా ఆయనే. ఆ పేరు నిలవాల్సిందే, నిలిచింది. కానీ ఈ చుట్టుపక్కల బండలు పగలగొట్టి, మట్టి తవ్వి మోసినవాళ్లలో ఎంతోమంది ఇంట్లో తెలుగు మాట్లాడే వడ్డెర్లు. ఇక్కడ బోవీలంటారు. వాళ్ల పేర్లు ఏ శిలాఫలకం మీదా కనబడవు. ఎక్కడన్నా ఉంటే మస్టరు కాగితాల్లో ఉండాలి. పేరు, ఎన్నాళ్ల పని, ఎంత కూలి, చివరి గడిలో నిశాని.

నిశాని అంటే మొదట్లో వేలిముద్ర కాదు. కలం పట్టించి గీయించిన ఒక గీత, లేకపోతే ఒక అడ్డం ఒక నిలువు. పక్కన ‘ఫలానావాడి నిశాని’ అని రాయసగాడు రాసేవాడు. మరి గీత ఎవరైనా గీయొచ్చు కదా, రేపు ‘ఇది నాది కాదు’ అంటే తేల్చేదెట్లా? ఆ భయంతోనే బెంగాల్లో విలియం హెర్షెల్ అనే దొర ఒక పని చేసినాడు. 1858 జూలైలో, జంగీపూర్‌లో, రాజ్యధర్ కోనాయ్ అనే ఆయన అరచేతికి మొత్తం సిరా పూయించి ఒప్పందం కాగితం వెనక అద్దించినాడు. మాట తప్పడానికి అవతలివాడు జంకాలని దొర ఎత్తు. ఆ ఒప్పందం రోడ్డుకు కంకర తోలేదాని గురించి. ఆడా రాళ్లపనే చూడండి! అక్కడ మొదలైంది ముదిరి ముదిరి, 1897లో కలకత్తాలో వేలిముద్రల ఆఫీసు అయింది. వేలిముద్రల్ని వరస పెట్టి వెతికే లెక్క కట్టడానికి మెదడు ఖర్చుపెట్టింది అజీజుల్ హక్, హేమచంద్ర బోస్. పేరు మాత్రం వాళ్ల పైఅధికారి హెన్రీకి పోయింది. అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

దొరలందరూ చదువుకున్నోళ్లు, మనమే మొద్దులం అనుకునేరు. కబ్బన్ పార్కులో విక్టోరియా రాణి విగ్రహం ఉంది, 1906లో పెట్టినారు. ఆ రాణి ఏలిన కాలంలోనే, ఆమె సొంత దేశంలో గనుల్లో, మగ్గాల మీద, పొలాల్లో బతికిన జనం సంగతి వినండి. అక్కడ 1754 నుంచి పెళ్లి పుస్తకంలో పెళ్లికొడుకు, పెళ్లికూతురు, సాక్షులు చేవ్రాలు చెయ్యాలని చట్టం. రానివాళ్లు ఇంటూ గుర్తు పెట్టాలి. 1840 ప్రాంతంలో లెక్క తీస్తే పెళ్లికొడుకుల్లో ముగ్గురికి ఒకడు, పెళ్లికూతుళ్లలో ఇంచుమించు సగం మంది ఆ ఇంటూ గుర్తే పెట్టినారు. 1870లో ఊరూరా బడులు రావాలని చట్టం చేసినారు. 1900 వచ్చేసరికి నూటికి 97 మంది పేరు రాసినారు. ఇరవై ఇరవై అయిదు తరాలు పట్టలేదు, రెండు మూడు తరాల్లోనే మారింది.

అయితే ఆ గుర్తుల్ని చూసి ‘వీళ్లకు అక్షరం ముక్క రాదు’ అనుకోవడమూ తప్పే. అక్కడి బళ్లలో ముందు చదవడం నేర్పి, రాయడం తర్వాత నేర్పేవాళ్లు. మధ్యలో బడి మానేసి పనిలోకి పోయిన పిల్ల బైబిలు చదవగలదు, పేరు మాత్రం రాయలేదు. ఇంకొక సంగతి. పెళ్లికూతురికి రాయడం రాకపోతే, నలుగురిలో ఆమె చిన్నబోకూడదని, తనకు రాయడం వచ్చినా ఇంటూ గుర్తే పెట్టిన పెళ్లికొడుకులు కూడా ఉన్నారని చరిత్ర రాసినవాళ్లు చెప్తారు. ఎంత మర్యాద తెలిసిన మొగుడు!

ఇదంతా నాకెందుకు పట్టిందంటే, నేను పనిచేసింది మిల్లు సంబళం ఆఫీసులో. 1884లో ఉన్ని, నూలు, పట్టు మిల్లు మొదలైనప్పటి నుంచి ఈ ఊళ్లో మిల్లు కూతతోనే తెల్లవారే పేటలుండేవి. నాది వేరే మిల్లు. సంబళం రోజున రిజిస్టరు తెరిస్తే ఒకే పేజీలో తెలుగు, కన్నడం, అరవం, ఉర్దూ, ఇంగ్లీషు సంతకాలు, వాటి మధ్యన నీలి వేలిముద్రలు. అప్పట్లో సంబళం ఇరవై రూపాయలు దాటితే రెవిన్యూ స్టాంపు అంటించి దాని మీద పెట్టాల్సి వచ్చేది. కొందరు పేరు రాస్తా ఉంటే వెనక వరస కదిలేది కాదు. నాలుక కొస కొరుక్కుంటా, ఒక్కొక్క అక్షరం గీసేవాళ్లు. బొమ్మ నేర్చుకున్నట్టు పేరు ఒక్కటే నేర్చుకున్నోళ్లు వాళ్లు. ఆ పేరు దాటి ఇంకొక మాట చదవలేరు. అట్లాంటి ఒకాయన సంతకం వచ్చింది కదా అని ఒక అప్పుపత్రం మీద ధీమాగా చేవ్రాలు చేసినాడు. అందులో ఏముందో చదవలేదు, చదివించుకోలేదు. వడ్డీ కట్టడంలోనే ఆయన బతుకు సగం అయిపోయింది.

అదే వరసలో దారం చుట్టే ఖాతా నుంచి ఒక అవ్వ వచ్చేది. బొటనవేలే. కానీ డబ్బు చేతిలో పెట్టకముందే, ‘నాయనా, మొన్న రెండు పూటలు ఎక్కువ చేసినా, అది కలిపినావా?’ అనేది. చూస్తే కలిపి ఉండరు. పైసాతో సహా నోటిలెక్క చెప్పేది. ఇప్పుడు చెప్పండి, చదువుకున్నోళ్ల గడిలో ఎవరిని వెయ్యాలి? కాగితానికి చెయ్యి మాత్రమే కనబడుతుంది, బుర్ర కనబడదు.

బొటనవేలు పెట్టడానికి ఒప్పుకున్నోళ్లే ఒకసారి ‘పెట్టం పోండి’ అన్నారు. కోలారు బంగారు గనుల్లో. చిత్తూరు, ఆర్కాటు పక్క నుంచి పోయిన తెలుగోళ్లు, అరవోళ్లు ఆ సొరంగాల్లో దిగి పనిచేసేవాళ్లు. 1930లో గనులోళ్లు కూలీలందరి వేలిముద్రలూ తీసి దాఖలా పెట్టాలన్నారు. జనం సమ్మె కట్టినారు. సంబళం తీసుకుని వేలు పెట్టడం వేరు, దొంగల దాఖలా తీసినట్టు తీసి దాచుకోవడం వేరు అని వాళ్లకు బాగా తెలుసు. అక్షరం రాకపోయినా, తమ వేలు ఎక్కడ పెట్టాలో ఎక్కడ పెట్టకూడదో వాళ్లే తేల్చుకున్నారు. ఆ సమ్మె గురించి ఎప్పుడు తలుచుకున్నా నాకు ఛాతీ ఉబ్బుతుంది.

చదువు అక్కర్లేదని నేను అనడం లేదురా. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు, మన తెలుగు వంశమే, మైసూరు దివానుగా ఉన్నప్పుడు 1913లో నిర్బంధ చదువుకు చట్టం తెచ్చినారు. అంత ముందుగా మేలుకున్న సంస్థానంలో కూడా మా అవ్వ దాకా బడి రాలేదు. 1951 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద చదవను రాయను వచ్చినవాళ్లు నూటికి 18 మంది. ఆడవాళ్లయితే 9 మంది కూడా లేరు. అందుకే మొదటి ఎన్నికల్లో ఓటు పెట్టెల మీద గుర్తులు అంటించాల్సి వచ్చింది. తప్పు బొటనవేలు పెట్టినోళ్లది కాదు, బడి వాళ్ల దాకా రాకపోవడంది.

మీతో ఒక పని ఉంది. మీ అమ్మమ్మల ఇళ్లల్లో, అత్తల ఇళ్లల్లో పాత ట్రంకుపెట్టెలు ఉంటాయి. వాటిలో కొనుగోలు పత్రాలు, పట్టా కాగితాలు, అప్పు చీటీలు ఉంటాయి. చెదలు పట్టినాయని పారెయ్యనియ్యొద్దు. కింద నిశాని పక్కన రాయసగాడు రాసిన పేరు చదవండి. సాక్షుల పేర్లు, ఊరి పేరు, తేదీ కూడా చదవండి. మోడీ లిపో పాత కన్నడమో అయి మీకు కొరుకుడు పడకపోతే తెలిసినోళ్లతో చదివించండి. ఆ పేర్లన్నీ ఒక నోటుపుస్తకంలో ఎక్కించండి, ఫొటో తీసి పెట్టండి. ఆ మనుషుల పేర్లు ఉండేది ఆ ఒక్క కాగితంలోనే. ఈ సంక్రాంతి సెలవుల్లోనే మొదలుపెట్టండి.