యోం కిప్పూరు నాడు వచ్చిన విజయదశమి

ప్రత్యేక సంచికకు విదేశయాత్ర విశేషాలు వ్రాయమని కార్యదర్శి గారు కోరారు. విశేషాలతో పాటు మన సభ్యులందరి ముందు చెప్పవలసిన మాట ఒకటి నా దగ్గర ఉండిపోయింది. అది ఒక పండుగ చరిత్రతో ముడిపడి ఉన్నందున, మొదట ఆ చరిత్ర మనవి చేస్తాను.

2022లో మా అబ్బాయి ఇజ్రాయెల్‌లో, రెహోవోత్ పట్టణంలోని వైజ్‌మన్ విజ్ఞాన సంస్థలో పరిశోధన చేస్తుండేవాడు. నేనూ నా భార్యా కలిదిండి నుంచి వెళ్ళి మూడు నెలలు వాడి దగ్గర ఉన్నాము. అలవాటు కొద్దీ పంచాంగం కూడా పెట్టెలో పెట్టుకున్నాను. అక్టోబరు 5న మనకు విజయదశమి. అదే రోజు అక్కడ యోం కిప్పూరు, అంటే యూదుల ప్రాయశ్చిత్త దినం.

ఇందులో వింత లేదు. యూదుల నెలలు కూడా చంద్రుణ్ణి బట్టే నడుస్తాయి. వారి తిష్రి నెల పదవ రోజు యోం కిప్పూరు. మనకు ఆశ్వయుజ శుద్ధ దశమి. ఋతువులు తప్పిపోకుండా మనం అధిక మాసం వేసుకున్నట్టే, వారు 19 ఏళ్ళలో 7 సార్లు ఒక నెల కలుపుకుంటారు. అందుచేత ఈ రెండూ తరచు ఒకే రోజునో, పక్కపక్క రోజులలోనో వస్తాయి. 2024లో అక్టోబరు 12న, 2025లో అక్టోబరు 2న కూడా కలిశాయి.

జెరూసలేంలో ఆలయం ఉన్న కాలంలో ప్రధాన యాజకుడు ఏడాదికి ఈ ఒక్క రోజే గర్భగుడిలో అడుగు పెట్టేవాడు. ప్రజల పాపాలను ఒక మేక తల మీద మోపి ఎడారిలోకి తోలేవారు. క్రీ.శ. 70లో రోమన్లు ఆ ఆలయాన్ని నాశనం చేశారు. అప్పటినుంచి ఉపవాసం, ప్రార్థన, పశ్చాత్తాపం మాత్రమే మిగిలాయి. మన గుంటూరు ప్రాంతంలో, చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిము అనే తెలుగు యూదు సమాజం ఉన్నది. ఈ పండుగల పేర్లు తెలుగు నేలకు కొత్త కావు.

ముందురోజు సూర్యాస్తమయంతో ఊరు ఊరంతా ఆగిపోయింది. బస్సు లేదు, కారు లేదు, రేడియో లేదు, విమానాశ్రయం కూడా మూశారు. తెల్లబట్టలు కట్టుకొని, తోలు చెప్పులు వదిలి, జనం నడిరోడ్డు మీద నడిచి ప్రార్థనా మందిరాలకు వెళ్ళారు. పిల్లలు సైకిళ్ళు తొక్కుకున్నారు. సుమారు 25 గంటలు మంచినీళ్ళు సైతం ముట్టరు.

1973 అక్టోబరు 6న, సరిగ్గా ఇటువంటి నిశ్శబ్దంలోనే ఈజిప్టు, సిరియా సేనలు దాడి చేశాయి. ఆ యుద్ధంలో ఇజ్రాయెల్ సైనికులే రెండున్నర వేలకు పైగా చనిపోయారు. అవతలివైపు అంతకు ఎన్నో రెట్లు. దానికి యాభై ఏళ్ళు నిండిన మర్నాడు, 2023 అక్టోబరు 7న మళ్ళీ మారణకాండ, ఆపైన గాజా యుద్ధం. ఇరువైపులా ఎన్ని ఇళ్ళలో దీపాలు ఆరిపోయాయో! అప్పటికి మావాడు ఇండియా వచ్చేశాడు.

యోం కిప్పూరు నాడు మృతులను తలచుకునే ప్రార్థన ఒకటి ఉంది. అది విన్నప్పుడు మన ఊరు గుర్తుకొచ్చింది. కలిదిండి యుద్ధంలో మరణించిన చోళ సేనానుల జ్ఞాపకార్థం రాజరాజ నరేంద్రుడు ఇక్కడ శివాలయాలు కట్టించినట్లు తామ్రశాసనం చెబుతున్నది కదా!

ఇక అసలు సంగతి. మా పై వాటాలో ఒక వృద్ధురాలి దగ్గర తాడేపల్లిగూడెం వైపు అమ్మాయి పనిచేసేది. పండుగ ముందు రోజు మెట్ల మీద కలిసి, కళ్ళు తుడుచుకుంటూ చెప్పింది: "బాబాయిగారూ, మామ్మగారు నా రెండు చేతులూ పట్టుకుని, ఏడాదిలో నిన్ను విసుక్కుని ఉంటాను, క్షమించమ్మా అన్నారండి. ఎనభై అయిదేళ్ళ మనిషి!"

అది వారి ధర్మమట. దేవుడి పట్ల చేసిన తప్పులకు ఆ రోజు ప్రాయశ్చిత్తం. సాటి మనిషి పట్ల చేసిన తప్పుకు మాత్రం, ఆ మనిషి దగ్గరకు వెళ్ళి అడిగితే తప్ప ప్రాయశ్చిత్తం లేదు. సుమారు క్రీ.శ. 200 నాటి మిష్నా గ్రంథంలోనే ఈ నియమం ఉంది. మనం జమ్మిచెట్టుకు చీటీ కట్టి పాపం శమించిందనుకుని ఇంటికి వస్తాము. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

1989లో మా ఆఫీసులో ఒక ఫైలు పోయింది. నా సెక్షన్లోని జూనియర్ అసిస్టెంటుకు మెమో ఇచ్చి, క్యుములేటివ్ ఎఫెక్టుతో ఒక ఇంక్రిమెంటు ఆపారు. అంటే ఏమిటో మనకు వేరే చెప్పనక్కరలేదు. ఆ కోత పెన్షన్ దాకా వెంటాడుతుంది. ఏడాది తిరిగాక ఆ ఫైలు నా బీరువాలోనే, పాత రిజిష్టర్ల అడుగున దొరికింది. ప్రమోషన్ దగ్గర పడిందని నోరు మెదపలేదు.

దసరా నాడు రెహోవోత్ నుంచి ఆయనకు ఫోను చేశాను. విన్న తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. "ఇంటికి రండి సార్, ఈ మాట మా ఆవిడతో చెప్పండి" అన్నారు.

తిరిగి రాగానే వెళ్ళాను. పోయిన డబ్బు లెక్క కట్టి కవరులో పెట్టి ఇచ్చాను. ఆవిడ కవరు ముట్టుకోలేదు. "డబ్బు సంగతి తర్వాత. ఈయన్ని అజాగ్రత్త మనిషని ఆఫీసంతా అన్నారు. అందరిలో పోయిన మాట అందరిలోనే రావాలి కదండీ" అన్నది.

ఆవిడ చెప్పింది న్యాయం. మిత్రులారా, ఆ ఫైలు పోగొట్టింది నేను. ఆయన తప్పు ఇసుమంత కూడా లేదు. ఆయన కోరినందున పేరు వ్రాయలేదు. ఆనాటి వారికి తెలుసు. ఈ సంచిక ఒకటి పట్టుకుని మళ్ళీ ఆ ఇంటికి వెళతాను. క్షమించేదీ లేనిదీ వారి ఇష్టం.

శలవు.