పీఠము పోయిన ఆచార్యుడు

యజమానికి, పనివానికి నడుమ వివాదములు ఏనాటినుండియో కలవు. వానిని విశ్వవిద్యాలయములో శాస్త్రముగా పరిశోధించుట మాత్రము ఇటీవలిది. అమెరికాలో అందుకు బాట వేసినవారిలో జాన్ కామన్స్ ముఖ్యుడు.

1862లో జన్మించిన కామన్స్ సిరక్యూస్ విశ్వవిద్యాలయమున సమాజశాస్త్రాచార్యుడై యుండగా, 1899లో ఆయన పీఠమునే ఎత్తివేసిరి. తన భావములు దాతలకు రుచింపకపోవుటయే కారణమని ఆయన తలచెను. పిదప అయిదేండ్లు తరగతి గది లేదు. ఆ కాలమున ఆయన వలసవచ్చిన కార్మికుల స్థితిని విచారించెను. కార్మిక సంఘములకు, యజమానులకు జరుగు ఒప్పందములను దగ్గరగా చూచెను. 1904లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయము ఆయనను పిలిచెను.

అచ్చట 1909లో ఆయన పాదరక్షలు కుట్టువారి చరిత్రను వ్రాసెను. యంత్రములు రాకమునుపే, సరకు దూరపు అంగళ్లకు పోవుచున్న కొలది, యజమానికి పనివానికి ఎడము పెరిగెనని 1648 నుండి 1895 వరకు గల వృత్తాంతముతో నిరూపించెను. 1911లో విస్కాన్సిన్ పారిశ్రామిక కమిషన్ చట్టమును రూపొందించెను. ఆయన శిష్యుడు ఎడ్విన్ విట్టె 1935 నాటి అమెరికా సాంఘిక భద్రతా చట్టమునకు రూపము దిద్దినవారిలో ప్రముఖుడు.

కామన్స్ 1945లో గతించెను. కార్మిక సమస్యను గూర్చి తీర్పు చెప్పబోవు మనము ఆయనవలె ముందు కార్ఖానాకు పోయి చూడవలెను.