గోడ రంగు, గది స్వభావం: ఒక చారిత్రక పరిశీలన

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• పక్కపక్కనున్న రంగులు ఒకదాన్నొకటి ఎలా మార్చి చూపిస్తాయో వివరించగలరు.
• శస్త్రచికిత్స గదిలో తెలుపు స్థానంలోకి ఆకుపచ్చ ఎందుకు వచ్చిందో చెప్పగలరు.
• గోడ రంగు కంటిపై చూపే ప్రభావాన్నీ, మనసుపై చూపుతుందనే ప్రభావాన్నీ వేరుచేసి పరిశీలించగలరు.

1. పరిచయం

ఇంటికి రంగులు వేయించాలనుకున్నప్పుడు దుకాణంలో షేడ్ కార్డు చూపిస్తారు. దాంతోపాటు కొన్ని మాటలూ వినిపిస్తాయి. నీలం ప్రశాంతతనిస్తుంది, పసుపు ఉత్సాహాన్నిస్తుంది, లేత రంగు చిన్న గదిని విశాలంగా చూపిస్తుంది. ఈ మూడూ ఒకే ధోరణిలో చెప్పే మాటలే అయినా ఒకే రకమైనవి కావు. లేత రంగు గోడ తన మీద పడిన వెలుతురులో ఎక్కువ భాగాన్ని తిరిగి గదిలోకి పంపుతుంది. మూలల్లో చీకటి తగ్గి, గది విశాలంగా అనిపిస్తుంది. ఇది కాంతికీ కంటికీ సంబంధించిన విషయం. మొదటి రెండు మాటలకు ఇంత సూటి వివరణ లేదు. ఈ తేడాను చరిత్రలో నాలుగు ఘట్టాల ద్వారా తెలుసుకుందాం.

2. రంగు ఒంటరిగా ఉండదు: షెవ్రల్

ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త మిషెల్ యూజీన్ షెవ్రల్ 1824లో పారిస్‌లోని గోబెలిన్ నేత కర్మాగారంలో అద్దకం విభాగానికి అధిపతి అయ్యాడు. అక్కడి నలుపు అద్దకం బాగా లేదనీ, నీలం, ఊదా రంగుల పక్కన నల్లదారం వెలవెలబోతోందనీ ఫిర్యాదు వచ్చింది. షెవ్రల్ ఆ దారాన్ని ఇతర చోట్ల అద్దిన నల్లదారంతో పోల్చి చూశాడు. అద్దకంలో లోపం కనిపించలేదు. నలుపును మార్చి చూపిస్తున్నది దాని పక్కనున్న రంగేనని ఆయన గుర్తించాడు. ఈ పరిశీలనలను విస్తరించి 1839లో గ్రంథంగా ప్రచురించాడు. గోడలకూ సామాన్లకూ ఏ రంగులు ఎలా జతపడతాయో కూడా అందులో చర్చించాడు. షేడ్ కార్డు మీద నచ్చిన రంగు గోడ మీదికి వచ్చాక వేరుగా కనిపించడానికి ఒక కారణం ఇదే. గోడ పక్కన నేల, తలుపు, పరదా ఉంటాయి; కార్డు పక్కన అవి లేవు.

3. తెలుపు నుంచి ఆకుపచ్చకు: శస్త్రచికిత్స గది

రోగాలకు సూక్ష్మజీవులు కారణమని రుజువైన తరవాత ఆసుపత్రుల్లో తెల్లగోడలకు ప్రాధాన్యం పెరిగింది. తెలుపు మీద మురికి దాగదు. అయితే శస్త్రచికిత్స గదిలో ఆ తెలుపే ఇబ్బంది తెచ్చింది. బలమైన దీపాల వెలుగు తెల్లగోడల మీద పడి కళ్లు మిరుమిట్లు గొలిపేది. పైగా చాలాసేపు రక్తం ఎరుపును చూసిన కన్ను తెలుపు వైపు తిరిగితే అక్కడ పచ్చని నీడలు తేలేవి.

కృత్యం: ఒక ఎర్రని గుడ్డను అర నిమిషం కళ్లార్పకుండా చూసి, వెంటనే తెల్లగోడను చూడండి. ఆకుపచ్చ, నీలం కలిసినట్టుండే ఒక మచ్చ కనిపిస్తుంది. ఎరుపును గ్రహించే కణాలు అలసిపోవడమే దీనికి ముఖ్య కారణం.

అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన శస్త్రవైద్యుడు హ్యారీ షెర్మన్ 1914లో దీనికి పరిష్కారం సూచించాడు. ఎరుపుకు ఎదురు రంగైన ఆకుపచ్చను గోడలకు వేయించాడు. పచ్చని నీడ పచ్చని గోడలో కలిసిపోతుంది. కంటికి విశ్రాంతి దొరుకుతుంది. నేడు మన ఆసుపత్రుల్లో కనిపించే ఆకుపచ్చ గౌన్లు, దుప్పట్ల వెనకా ఇదే తర్కం ఉంది. వాటిని అందం కోసం ఎంచుకోలేదు. పని కోసం ఎంచుకున్నారు.

4. పడుకున్నవారి గది: పైమియో

ఫిన్లండ్‌లోని పైమియో క్షయ చికిత్సాలయం 1933లో ప్రారంభమైంది. వాస్తుశిల్పి అల్వార్ ఆల్టో దీన్ని రూపొందించాడు. క్షయకు స్ట్రెప్టోమైసిన్ వంటి మందు ఇంకా రాని కాలమది. విశ్రాంతి, స్వచ్ఛమైన గాలి, ఎండ ముఖ్య చికిత్సలు. రోగి నెలల తరబడి మంచం మీదే ఉండేవాడు. మామూలు గదిని నిలబడినవారి చూపుతో ఊహిస్తారు. ఆల్టో పడుకున్నవారి చూపుతో ఊహించాడు. పడుకున్న మనిషికి ఎదురుగా ఉండే గోడ పైకప్పే. అందుకే గోడలకు లేత రంగు వేయించి, పైకప్పుకు మాత్రం కళ్లకు హాయినిచ్చే ముదురు ఆకుపచ్చ వేయించాడు. దీపం కాంతి నేరుగా కళ్లలో పడకుండా జాగ్రత్తపడ్డాడు. రంగు ఎంపికకు ముందు ఆయన వేసుకున్న ప్రశ్న ‘ఏ రంగు మంచిది?’ అన్నది కాదు. ‘ఈ గదిలో ఎవరు, ఏ భంగిమలో, ఎంతసేపు ఉంటారు?’ అన్నది.

5. తొందరపాటు నిర్ధారణ: గులాబీ గది

1979లో అమెరికాలోని సియాటిల్ నగరంలో, ఒక నౌకాదళ నిర్బంధ కేంద్రంలో ఒక గదికి గులాబీ రంగు వేశారు. అలెగ్జాండర్ షాస్ అనే పరిశోధకుడి ఆలోచన ఇది. ఆ రంగు ఖైదీల ఆవేశాన్ని తగ్గిస్తుందని ఆయన వాదించాడు. ఫలితం బాగుందన్న వార్తతో ఇతర నిర్బంధ కేంద్రాలూ ఆ రంగును అనుసరించాయి. ఇక్కడ చరిత్ర విద్యార్థి ఆగి ఆలోచించాలి. రంగు వేసిన తరవాత గొడవలు తగ్గితే, తగ్గించింది రంగేనా? కొత్తగా బాగుచేసిన గది కావచ్చు. మార్పును ఆశిస్తున్న సిబ్బంది ప్రవర్తన కావచ్చు. స్విట్జర్లండ్‌లో ఖైదీలను గులాబీ గదుల్లోనూ తెల్ల గదుల్లోనూ ఉంచి పోల్చిన అధ్యయనం 2015లో వెలువడింది. దానిలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. షెర్మన్ గదిలో పనిచేసేవారి ఇబ్బంది నుంచి రంగుకు వచ్చాడు. ఇక్కడ రంగు నుంచి మనుషుల దగ్గరికి వచ్చారు; ఆ రంగు మధ్య గడపవలసినవారికి కాదనే వీలు లేదు.

6. సారాంశం

కాంతి, పక్క రంగు, కంటి అలసట అనే మూడు విషయాల్లో రంగు చేసే పనిని పరీక్షించి చూడవచ్చు. మనసుపై ప్రభావం మనిషి అలవాటు, జ్ఞాపకం, గదిలో గడిపే కాలం వంటి వాటితో కలిసి ఉంటుంది. దాన్ని రంగుకు మాత్రమే అంటగట్టలేం. బడికి, ఆసుపత్రికి, వసతి గృహానికి రంగు నిర్ణయించేది ఒకరు, ఆ గోడల మధ్య రోజులు గడిపేది ఇంకొకరు. కాబట్టి ‘ఇది ప్రశాంతతనిచ్చే రంగు’ అన్న మాటను ఒప్పుకునే ముందు ‘ఎవరికి, ఎలా తెలిసింది?’ అని అడగడం అవసరం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. గోబెలిన్ కర్మాగారంలో నల్లదారం వెలవెలబోయినట్టు కనిపించడానికి కారణం ఏమిటి?
2. శస్త్రచికిత్స గదికి ఆకుపచ్చ ఎందుకు అనువైనది?
3. షెర్మన్ ఆకుపచ్చ గదినీ, సియాటిల్ గులాబీ గదినీ ఆధారాల బలం దృష్ట్యా పోల్చండి.
4. మీకు తెలిసిన ఒక తరగతి గది లేదా ఆసుపత్రి వార్డు రంగును, అక్కడ ఉండేవారి చూపుతో పరిశీలించి పది వాక్యాలు రాయండి.