సర్పి
మొన్న మందుల షాపులో ఒకావిడ “మా అత్తయ్యగారికి సర్పి లేచింది బాబూ” అంటూ చీటీ ఇస్తే, కౌంటరు కుర్రాడు “సర్పి కాదమ్మా, హెర్పిస్ అనాలి” అని దిద్దాడు. నాకు నవ్వాగలేదు. రెండూ ఒక తల్లి బిడ్డలే! సంస్కృతంలో ‘సృప్’ అంటే పాకడం. నేల మీద పాకేది సర్పం, ఒంటి మీద పాకేది సర్పి. ఆ మూలమే గ్రీకులో ‘హెర్పెయిన్’. మన సప్త అక్కడ హెప్టా అయినట్టే, సకారం హకారమైంది. పేరులో పాముంది కనుక అది ఒంటిని చుట్టి తలా తోకా కలిస్తే ప్రాణగండమని మా నాయనమ్మ హడలగొట్టేది. నిజానికి సర్పి తెచ్చేది చిన్నప్పటి ఆటలమ్మ వైరస్సే. నరాల్లో ఏళ్లకేళ్లు నక్కి, సాధారణంగా ఒంటికి ఒక పక్కనే పొక్కుతుంది. ‘వైరస్’ కూడా మనకు చుట్టమే. లాటిన్‌లో దానర్థం విషం, మన ‘విషం’తో దానికి రక్తసంబంధం. వానాకాలపు పేపర్ల ‘విషజ్వరాలు’ తెలియకుండానే మూలం పట్టుకున్నాయన్నమాట. ఆవిడ చేతికొచ్చిన ఎసైక్లోవిర్ చివరి ‘విర్’ కూడా ఆ వైరస్సే. తమాషా ఏమిటంటే, ఆ మందును మేల్కొలిపేది వైరస్ సొంత ఎంజైమే. మేల్కొన్న మందు డీఎన్‌ఏ దండలోకి దొంగపూసలా దూరి, మరో పూస ఎక్కనివ్వదు. సోకని కణాల జోలికి పెద్దగా పోదు. పొక్కులు లేచిన 72 గంటల్లోపు మొదలెడితేనే ఎక్కువ గుణం. కొందరికి వికారం, తలనొప్పి. కిడ్నీల కోసం నీళ్లు బాగా తాగాలి. నరంలో నక్కిన పామును మాత్రం అది కదపలేదు.