పాచిక – తీర్పరి – విశ్వాసము

పాచిక పేరు చెప్పగనే తెలుగు పాఠకునకు సభాపర్వము జ్ఞప్తికి వచ్చును. శకుని యాడిన ద్యూతమును మనవారు మాయాజూదమనిరి. తండ్రి యెముకలతో అతడు పాచికలు చేయించెనను కథ వ్యాసభారతమున లేదు. అది జనుల నోట పెరిగినది. మూలమున శకుని అక్షవిద్యలో ఆరితేరినవాడు, ధర్మరాజు జూదమునందు మక్కువయే కాని నేర్పు లేనివాడు. ఎట్లయినను అచ్చట మోసము చేసినవాడు ప్రతిపక్షమువాడు, గెలుపు కోరువాడు. కాని ఏ పక్షమునకును చెందని తీర్పరియే పాచికఫలమును దిద్దినచో దానిని మోసమనవచ్చునా? ఈ ప్రశ్న ప్రష్యా సైనికుల బల్లపై పుట్టినది. జపాను నౌకాదళమున ఘోరరూపము దాల్చినది. అమెరికాలో పుట్టిన పాత్రధారణ క్రీడలలో నేటికిని చర్చింపబడుచున్నది. ఆ చరిత్రను సంగ్రహముగా పరిశీలించుట యీ వ్యాసమున మేము తలపెట్టిన పని.

1812లో రైస్విట్జ్ అను ప్రష్యను ఉద్యోగి, నేల యెత్తుపల్లములను బల్లపై అమర్చి, యుద్ధమును బోలిన యొక క్రీడను రాజగు మూడవ ఫ్రెడరిక్ విల్హెల్మ్‌నకు సమర్పించెను. అతని కుమారుడు, ఫిరంగిదళమున అధికారి, దానిని సంస్కరించి 1824లో నియమగ్రంథముగా ప్రకటించెను. 1:8000 ప్రమాణము గల పటముపై దళములకు గుర్తుగా చిన్న దిమ్మెలు నిలుపుదురు. ఒక్కొక్క యావృత్తి రెండు నిమిషముల యుద్ధకాలమునకు సమానము. ఇరుపక్షములవారును తమ యాజ్ఞలను తీర్పరికి తెలుపుదురు. రెండు సేనల స్థితియు నెఱిగినవాడు అతడొక్కడే. కాల్పుల ఫలమును పాచిక నిర్ణయించును. ఒకే దూరమునుండి ఒకే ఫిరంగి కాల్చినను ప్రతిసారియు ఒకే నష్టము కలుగదు గనుక, యుద్ధములోని యీ యనిశ్చితిని బల్లపైకి తెచ్చుటకు పాచిక యవసరమైనది. ఆ గ్రంథమున తీర్పరికిచ్చిన జర్మను నామమునకు 'నమ్మకస్థుడు' అని యర్థము. ఇది గమనింపదగిన విషయము. పాచిక ఎంత నిష్పక్షపాతియైనను, దానిని వేసి ఫలమును చదువువానిపై నమ్మకము లేనిదే ఆట సాగదని ఆ పేరే చెప్పుచున్నది.

కాలక్రమమున నియమములు, పట్టికలు పెరిగి ఆట భారమైనది. 1870–71 ఫ్రెంచి యుద్ధమున మోల్ట్కే పరివారమున పనిచేసిన వెర్డీ దు వెర్న్వా, 1876లో ఒక చిన్న గ్రంథము ప్రకటించి, పాచికలను పట్టికలను ప్రక్కన బెట్టి, అనుభవజ్ఞుడగు తీర్పరి తన వివేకముతో ఫలమును నిర్ణయింపవచ్చునని ప్రతిపాదించెను. ఇట్లు కట్టుదిట్టమైన క్రీడయనియు, స్వేచ్ఛాక్రీడయనియు రెండు మార్గము లేర్పడినవి. మొదటిది పాచికను నమ్మినది. రెండవది మనుష్యుని నమ్మినది. రెండింటను లోపము లున్నను దాపరికము లేదు. వెర్డీ మార్గమున ఆడువానికి ఫలము తీర్పరి మనసునుండి వచ్చినదని ముందే తెలియును. పాచికను వేసి, పడిన సంఖ్యను కాదని వేరొకటి ప్రకటించుట యీ రెండింటికిని చెందని మూడవ పద్ధతి. చిక్కంతయు నిచ్చటనే యున్నది.

ఆ మూడవ పద్ధతికి ప్రసిద్ధమైన యుదాహరణము 1942 మే నెలలో లభించుచున్నది. మిడ్వే ద్వీపముపై దండెత్తుటకు ముందు జపాను అధికారులు యమాతో యుద్ధనౌకపై బల్లక్రీడ నాడిరి. సంయుక్త నౌకాదళ ముఖ్యపరివారాధిపతి ఉగాకి ప్రధాన తీర్పరి. శత్రువిమానములు జపాను విమానవాహక నౌకలపై దాడిచేసిన ఘట్టమున ఒకుమియా అను అధికారి పాచిక వేయగా తొమ్మిది బాంబులు తగిలినట్లు, అకాగి, కాగా నౌకలు మునిగినట్లు తేలెను. ఉగాకి దానిని త్రోసిపుచ్చి, తగిలినవి మూడేయనియు, కాగా మాత్రమే మునిగినదనియు తీర్పు చెప్పెను. తరువాతి ఘట్టమున ఆ కాగాయు మరల తేలివచ్చి యుద్ధమున పాల్గొనెను. జూను 4న మొదలైన నిజమైన యుద్ధమున జపాను నాలుగు విమానవాహక నౌకలను గోల్పోయెను. అకాగి, కాగా రెండును వానిలోనివే.

ఈ వృత్తాంతమును మనకు తెలిపినది ఫుచిదా, ఒకుమియాలు యుద్ధానంతరము వ్రాసిన గ్రంథము. ఫుచిదా చెప్పిన పెక్కు విషయములను తరువాతి చరిత్రకారులు శంకించిరి; కాని యిచ్చట పాచిక వేసిన ఒకుమియాయే గ్రంథకర్తలలో నొకడు. దీనిని చదివినవారెల్లరు ఉగాకిని దోషిగా నెంచుట పరిపాటి. 1990లో యుద్ధక్రీడలపై గ్రంథము ప్రకటించిన పీటర్ పెర్లా యీ తీర్పును మరల తూచి చూచెను. నిజమైన యుద్ధమున మిడ్వే ద్వీపమునుండి లేచిన విమానములు ఏ విమానవాహకమునకును ఒక్క బాంబును తగిలింపజాలలేదు. నౌకలను ముంచినవి అమెరికా నౌకలనుండి వచ్చిన విమానములు. కావున తొమ్మిదిని మూడు చేయుట అసంగతమని చెప్పజాలము. మా దృష్టిలో దోషము వేరొకచోట నున్నది. అనుకొనని దిక్కునుండి దాడి వచ్చినచో మన గతియేమి యని పాచిక ఒక ప్రశ్న నడిగినది. తీర్పరి సంఖ్యతోపాటు ఆ ప్రశ్ననుగూడ తుడిచివేసెను. సంఖ్యను దిద్దినను ప్రశ్నను నిలిపియుండినచో క్రీడాప్రయోజనము చెడియుండదు.

ఇక పాత్రధారణ క్రీడలు. 1880లో అమెరికాలో టాటెన్ ప్రకటించిన యుద్ధక్రీడాగ్రంథము తీర్పరికి విస్తృతాధికార మిచ్చినది. 1969లో మిన్నెసోటా రాష్ట్రమున డేవిడ్ వెస్లీ దానినుండి ప్రేరణ పొంది, ఒక్కొక్కరొక్కొక్క పాత్ర వహించు ఆటను నడపెను. ఆ బృందములోని డేవ్ ఆర్నెసన్, విస్కాన్సిన్ వాడగు గ్యారీ గైగాక్స్ కలిసి 1974లో 'డంజియన్స్ అండ్ డ్రాగన్స్' వెలువరించిరి. ఇచ్చట ఆడువారెల్లరు నొక పక్షము. తీర్పరి కథ చెప్పువాడు, శత్రువులను నడపువాడు, న్యాయము చెప్పువాడుకూడ. ఒకే వ్యక్తియందు మూడు పనులు చేరినందున నమ్మకపు బరువు మూడింతలైనది. 1979లో గైగాక్స్ తీర్పరులకై వ్రాసిన గ్రంథమున, అవసరమైనచో పాచికఫలమును త్రోసిపుచ్చు హక్కు తీర్పరికి కలదని చెప్పెను. తన తప్పేమియు లేక, జాగ్రత్తగా ఆడియు, కేవలము పాచిక ప్రతికూలించి పాత్ర మరణించునప్పుడు మరణమునకు మారుగా వేరొక హాని విధింపవచ్చునని యాతని భావము. ఆ యేడే తీర్పరి ముందు నిలుపుకొను అట్టతెరయు ఆ సంస్థనుండి వెలువడినది. రహస్యములను దాచుటకు పుట్టిన తెర పాచికనుగూడ దాచినది.

దిద్దుటను సమర్థించువారు, ఒక్క చెడుపాచిక నెలల తరబడి పెంచిన కథను కూల్చరాదందురు. ఇది త్రోసిపుచ్చదగిన వాదము కాదు. కాని ఆడువాడు పాత్రప్రాణమును పణముగా నొడ్డి ఒక సాహసమునకు పూనుకొనునప్పుడు, ఆ పణము నిజమని నమ్మియే పూనుకొనును. తెరవెనుక ఆ పణము ముందే రక్షింపబడియున్నచో అతని సాహసమునకు అర్థము లేదు. తెలిసిననాడు గడచిన విజయములన్నియు నతనికి సందేహాస్పదములగును. అందుచేత పెక్కుమంది తీర్పరులు పాచికను అందఱి యెదుట వేయుదురు. 2010లో వెలువడిన 'అపోకలిప్స్ వరల్డ్' మఱియొక యడుగు ముందుకు వేసి, పాచిక వేయుపనిని పూర్తిగా ఆడువారికే వదలినది.

మా నిర్ణయ మిది. తీర్పరికి ఫలమును మార్చు అధికార ముండవచ్చును. వెర్డీ క్రీడయే దానికి సాక్ష్యము. కాని ఆ యధికారము ఆటకు ముందే అందఱికి తెలిసియుండవలెను. ఫలమును ఒప్పుకొను ధైర్యము లేనిచోట పాచిక వేయకుండుట మేలు. పాచిక యడిగిన ప్రశ్నను మాత్రము ఏ స్థితిలోను తుడువరాదు. భారతమున ధర్మరాజు వనవాసకాలమున బృహదశ్వునివలన అక్షహృదయము నేర్చెను. ఓడిన జూదమును కాదనలేదు. ఓడుటకు కారణమైన లోటును పూడ్చుకొనెను. ఉగాకి బల్లచుట్టు కూర్చున్నవారికి కొఱవడినది ఈ గుణమే యని మా యభిప్రాయము. విజ్ఞులు పరిశీలింతురుగాక.